రెండు పూటల పాకం

వానాకాలం చివరి ఎండలో, పెరటి గోడవారన వరసగా పెట్టిన తేనెపెట్టెల దగ్గర మామగారూ కోడలూ నిలబడి ఉన్నారు. మొదట్నుంచీ ఇద్దరూ మాటల్లో పొదుపరులే. ఆమె భర్త, అంటే ఆయన ఒక్కగానొక్క కొడుకు, పోయిన ఈ నాలుగు నెలల్లో మరీ పిసినార్లయ్యారు.

“...బరువుగా ఉంది గదమ్మా. బరువుంటే బావున్నట్టేగా?”

“బరువుంది మామయ్యా. ఈగల్లేవు.”

“లేకపోవడమేంటి? గుమ్మం దగ్గర తిరుగుతున్నాయిగా.”

“అవి ముసలివి. పిల్ల ఈగల్లేవు. ఈ తేనెపట్టు ఫ్రేము చూడండి. గుడ్డు లేదు, పురుగు లేదు. గదిగదికీ మనం పోసిన పంచదార పాకమే.”

“రాణి ఈగ పోయిందేమో.”

“ఇదిగో, తిరుగుతోంది. గుడ్డు పెడదామంటే ఒక్క గదీ ఖాళీ లేదు దానికి.”

“మా వాడి పెట్టె ఎప్పుడూ ఇంతే. మొండిది. అవునూ, మీ అన్నయ్య ఫోనేమైనా చేశాడా?”

“పొగడబ్బా ఆరిపోతోంది. ఈగలు రేగకుండా కాస్త ఊదండి.”

“ఊదుతున్నాగా. పక్క పెట్టె ముందు ఆ చచ్చినవేంటి?”

“పోతుటీగలు. చలి ముందు తరిమేస్తాయిగా. పని చెయ్యనివాటికి తిండి దండగ.”

“అయితే నన్నూ తరమాలి.”

“మిమ్మల్ని తరిమితే పొగెవరు ఊదుతారు? మామయ్యా, పాకం వారానికి ఒక్కసారే పొయ్యాలని మీరేగా అన్నారు?”

“అన్నాను. ఆదివారం ఆదివారం పోస్తున్నాను, అన్నిటికీ.”

“దీనికి?”

“దీనికీ... మధ్యమధ్యలో కాస్త.”

“కాస్తంటే?”

“పొద్దున్నే ఒక చెంబెడు. నువ్వు లేవకముందు.”

“రోజూనా?”

“చలికాలం ఆకలితో పోతాయేమోనని. వాడి పెట్టె కదా! ఎందుకలా చూస్తావ్?”

“సాయంత్రం నేను పోస్తున్నాను.”

“ఏంటీ?”

“మీరు నడకకెళ్ళాక. రోజూ.”

“నాకో మాట చెప్పొచ్చుగా అమ్మా.”

“మీరు చెప్పారా?”

“బానే ఉంది. ఒకే ఇంట్లో ఇద్దరం తోడుదొంగలం. కడుపు నిండా పెట్టి చంపాం.”

“ఇంకా చావలేదు.”

“పాకం ఫ్రేములు తీసేసి ఖాళీవి పెడితే?”

“ఇప్పుడు గుడ్లు పెట్టినా, అవి ఈగలై పనిలోకొచ్చేసరికి చలి ముదురుతుంది. ఆయన అనేవారు...”

“ఏమనేవాడు?”

“ఏం లేదు. పక్క పెట్టెలో కలిపెయ్యాలి.”

“మధ్యలో పాత పేపరు పరిచి?”

“ఆఁ. అది కొరుక్కుని ఇవతలికొచ్చేలోపు వాసన కలిసిపోతుంది. కొట్టుకోవు.”

“మరి ఇద్దరు రాణులు?”

“ఇద్దరుండకూడదు. దీన్ని తీసెయ్యాలి. మీరు తియ్యండి.”

“నా చూపుకి ఆనదు.”

“కళ్ళజోడు జేబులోనే ఉంది.”

“ఉందిలే. నావల్ల కాదమ్మా. వాడు చేత్తో పట్టి తెచ్చుకున్న రాణి.”

“సరే. పొగ ఇటు ఊదండి.”

“ఒక్కసారి ఏడిస్తే బావుణ్ణమ్మా నువ్వు. నాలుగు నెల్లయింది.”

“మీరు ఏడ్చారా?”

“రావట్లేదు. లోపలంతా మొద్దుబారిపోయింది.”

“నాకూ అంతే. చెయ్యి కదపకండి... అయిపోయింది.”

“అయిపోయిందా?”

“అగ్గిపెట్టెలో పెట్టాను. చూడకండి. సాయంత్రం ఈగలన్నీ తిరిగొచ్చాక పేపరు పరుద్దాం.”

“ఇంక వాడి పెట్టంటూ లేదు.”

“లేదు.”

“అయితే ఒకటి చెప్తాను, కోప్పడకు. ఈ ముసలాడి కోసం నిన్నిక్కడ కట్టేసుకోవడం న్యాయం కాదు. పోయిన వారం మీ అన్నయ్యకి నేనే ఫోన్ చేశాను, వచ్చి తీసుకెళ్ళమని.”

“తెలుసు.”

“తెలుసా? వస్తానన్నాడు. మరి రాలేదే?”

“వచ్చాడు. మంగళవారం. మీరు నడకకెళ్ళారు.”

“నాతో అనలేదేం? ఏమన్నాడు?”

“ఏమంటాడు, పదమన్నాడు. మీరొచ్చేలోపు వెళ్ళిపోతే మీకే తేలికన్నాడు. సామానంతా బండెక్కించాను. నేనూ ఎక్కి కూర్చున్నాను.”

“మరి?”

“ఆ పూట పాకం పొయ్యలేదని గుర్తొచ్చి దిగాను మామయ్యా.”