కంప్యూటరు మీది గుడ్డ

గుంటూరు మిర్చి యార్డు పక్కన సిద్దికా డీటీపీ షాపు. ఆగిపోయిన కొత్త కంప్యూటరు మీది గుడ్డ కవరు తీసి మెకానిక్ పక్కన పెట్టాడు. ఆమె చూపు దానిమీదే ఉంది.

"ఇది కప్పే నడుపుతున్నారామ్మా?"

"కారం దుమ్ము పడకుండా మా ఆయన కుట్టారు. పాతదానికీ ఇలాగే ఉండేది."

"పాతది నిదానంగా నడిచేదమ్మా. ఇందులో చిప్పులో స్విచ్చులు మరీ చిన్నవి చేసి కోట్లకొద్దీ ఇరికించారు. వేగం పెరిగింది, వేడీ పెరిగింది. గాలాడాలి. కవరు తీసేయమని ఆయనకి చెప్పండి."

"నిన్ననే ఆయన పోయిన నలభయ్యో రోజు చేశాం."

మెకానిక్ స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"వేగం సగానికి తగ్గిస్తే కవరున్నా అంత వేడెక్కదు. కానీ పని బాగా లేటవుతుందమ్మా."

"తగ్గించండి. నాకు తొందరేం లేదు," అంటూ సిద్దికా కవరు దులిపింది.