న్యాల్‌కల్ నాగవ్వ గుండె కణాలు

సభకు అధ్యక్షత వహిస్తున్న విరూపాక్ష గారికి, నాకు పని నేర్పిన పెద్దలకు, ముప్పై ఏళ్లుగా నా కసుర్లు భరించిన మిత్రులకు, ఈ రోజు ఉద్యోగ విరమణ చేస్తున్న ఈ గ్లోరీ నమస్కారాలు. (నవ్వులు) సుదర్శన్, వెనక వరుసలో దాక్కోకు, ఈ మాటలు సగం నీ గురించే.

మన ప్రయోగశాలలో మూర్ఛకు కొత్త మందు తయారవుతున్న రోజులవి. మనుషులకిచ్చే ముందు అది గుండెకు హాని చేస్తుందేమో తేల్చాలి. సుదర్శన్ కంప్యూటర్‌లో అంకెలతో ఒక గుండెను కట్టి, దానిమీద మందును పరీక్షించి, భయం లేదన్నాడు. నేనేమో, ఇదిగో ముందు వరుసలో కూర్చున్న న్యాల్‌కల్ నాగవ్వ, కూలిపని మానుకుని వచ్చి ఇష్టంగా ఇచ్చిన రక్తం నుంచి మూలకణాలు తయారుచేసి, వాటిని గుండె కణాలుగా పెంచాను. నిద్రలో పసిబిడ్డ పొట్ట లేచిపడినట్టు గాజుపళ్లెంలో అవి మెల్లగా కొట్టుకునేవి. మందు చుక్క పడగానే తడబడ్డాయి.

ఆపేయాలన్నాను.

"మీయి పసి కణాలు మేడం. పెద్దమనిషి గుండె లెక్క ఎట్ల కొట్టుకుంటయి?" అన్నాడు సుదర్శన్.

"నీ కంప్యూటర్‌కు నువ్వు చెప్పిందే తెలుస్తది" అన్నాను.

ఇద్దరి మాటా నిజమే. అయినా రెండు వారాలు మాట్లాడుకోలేదు. మందు ఏమైపోయినా సరే, అతను ఓడితే చాలనుకున్నాను.

అప్పుడే నాగవ్వ తన కణాలను చూస్తానని వచ్చింది. మైక్రోస్కోపులోంచి చాలాసేపు చూసి, "గిది నాదేనా అమ్మా? మందేస్తే దానికి నొస్తదా?" అంది.

"దానికి నొప్పి తెలియదు నాగవ్వా."

"దానికి తెల్వకపోతేంది, మింగేటోళ్లకు తెలుస్తది గద."

తలుపు దగ్గర నిలబడి సుదర్శన్ ఆ మాట విన్నాడు. గుండె కణంలోకి లవణాలు వచ్చిపోయే దారుల్లో తన లెక్కలో వదిలేసిన రెండింటిని మర్నాడే చేర్చాడు. తెరమీది గుండె కూడా తడబడింది. తప్పొప్పుల ఊసెత్తకుండా, "కూసోండ్రి మేడం, కలిసి చూద్దం" అన్నాడు. ఆ కంప్యూటర్ మందు అణువును నాలుగు వందల రకాలుగా మార్చి చూసింది. నా చేతులతో అది ఒక జన్మలో తెమిలే పని కాదు. అది ఎంచిన మూడింటిని నాగవ్వ కణాలమీద వేశాం. మూడోది వేసినప్పుడు అవి తొణకలేదు. ఆ మందే ఇప్పుడు మనుషుల మీద పరీక్షలకు వెళ్తోంది.

నిన్న నా బల్ల ఖాళీ చేసి, ఇంటికి వెళ్లడానికి చిరాగ్‌పల్లి దగ్గర రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డాను. లారీలు దాటిపోయాక జొన్నచేల మీద మెత్తటి నిశ్శబ్దం పరుచుకుంది. అందులో నా గుండె చప్పుడు నాకే వినబడింది. ఇన్నేళ్లూ ఇతరుల గుండెలు చూస్తూ దీన్ని పలకరించనే లేదు. ఇక తీరిగ్గా పలకరిస్తాను.

ఇంత ప్రేమగా సాగనంపుతున్న మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.