ఎడమ సెవికి పెట్టన్నా

హలో… ఆ, నేనే, ఏసమ్మను. జయన్న వాళ్లమ్మను. రంగన్నా, మా పిల్లోనికి సెవుడు వచ్చిందేమోనని నాకు బయమైతాంది…

ఉత్త అనుమానమా…

ఆదోని పోస్టాఫీసులోంచి. వాన్ని ఎమ్మిగనూరుకు, ఫోను కాడికి పిల్చకరమ్మని మా వీధి హుసేనప్పతో సెప్పి పంపిస్తి కదా. వచ్చినాడా… పక్కనే ఉండాడా. పక్కనే ఉంటే వాడు ఎత్తుకోక నువ్వెందుకు మాట్లాడతాండావు…

జలుబా.

జలుబు చేస్తే కుడి సెవిలోంచి నెత్తురొస్తాదా అన్నా… వాడు ఇంటికొచ్చినప్పుడు తలదిండు ఉతికింది నేను. మొన్న ఆదివారం చర్చిలో అందరూ పాట నిలిపేసినారు, వాడొక్కడే పాడతానే ఉండాడు. ఆడోళ్లంతా నవ్విరి. నాకు నవ్వు రాలేదు…

కాంపౌండరు సూసినాడా. ఏ కాంపౌండరు… పేరు తెలీదా…

అన్నా, గోనెగండ్ల కాడ బావి తవ్వేదానికి నేను రెండు సెవులున్నోన్ని పంపిస్తి నీతో. బండకు మందు పెట్టి పేల్చేటప్పుడు వాడు యాడుండె, అది సెప్పు…

పైన ఉండెనా. పైనుంటే నెత్తురెందుకొచ్చె…

ఆ… ఇప్పుడొస్తాంది మాట. తూటా పేలలేదనుకోని మల్లా దిగినాడు. దిగినాక పేలె… దిగినాడా, నువ్వు దింపినావా…

సరే. ఇప్పుడు బాగుండాడంటావు కదా. ఫోను వాని కుడి సెవికి పెట్టు. నువ్వు పక్కకు పో. సైగ సెయ్యొద్దు, బుజం తట్టొద్దు…

జయన్నా… బువ్వ తింటివా నాయినా…

బాగుండానంటావా. ఏం తింటివి…

బాగుండావా… మీ నాయినను యాడ పూడ్సినాము, సెప్పు…

బాగుండావా.

రంగన్నా… నువ్వు తీసుకో ఫోను. ఏమడిగినా బాగుండానమ్మా అనమని నేర్పించి నిలబెట్టినావా వాన్ని…

రేపు మల్లా మందు పెడతారంట కదా. తప్పుకోండ్రా అని పైనుంచి నువ్వు అరిస్తే, లోపలున్న నా కొడుకు యా సెవితో ఇంటాడు…

ఎడమది పనిచేస్తాందా. వాడే సెప్పెనా, నువ్వు కల్పిస్తాండావా… అయితే ఎడమ సెవికి పెట్టన్నా…

జయన్నా. అమ్మను…

ఆ… మోతనా. కందిరీగలు తిరిగినట్ల మోత… ఆ మోతలో నా మాట తెలుస్తాందా… తెలుస్తాంది. దేవా…

నాకెందుకు సెప్పలేదు నాయినా… ఏడుస్తాననా. ఏడ్సడం లేదు సూడు, మామూలుగానే మాట్లాడతాండాను…

ఇను. రేపు నువ్వు ఆ బావిలోకి దిగొద్దు…

తోటి కూలోళ్లు నవ్వుతే నవ్వనీ. సెవుడోడు అంటే అననీ. అన్నోళ్లు వచ్చి నిన్ను పైకి తీస్తారా… ఈడికొచ్చేయి. ఆదోనిలో పత్తి మూటలు మోసేదానికి సెవులతో పని లేదు…

దిగనని సెప్పు.

జయన్నా…

ఇనపడలేదా…

ఇనపడే పలకడం లేదా. మీ నాయిన గుణం ఇదే, ఇష్టం లేని మాటకు ఉలకడు పలకడు. నిజంగా ఇనపడలేదేమో… నాకెట్ల తెలిసేది నాయినా, నీ మొగం సూడకుండా…

దిగొద్దు అంటి…

…

టైమైపోయిందా… అమ్మా ఆపరేటరమ్మా, ఇంగొక్క మాట, కట్ చెయ్యొద్దు. పిల్లోడు లైనులో ఉండాడు, ఊపిరి ఇనపడతాంది నాకు…

…

…

ఆ… ఏమంటివి…

దిగనంటివా.

ఇన్నా నాయినా… నాకు ఇనపడింది.