తెల్లగా కనిపించిన సందు

నా రిటైర్మెంటు సభకు అధ్యక్షత వహిస్తున్న కమిషనర్ గారికి, వేదికమీది పెద్దలకి, నాతోపాటు ఈ ఊరంతా కొలతగొలుసు ఈడ్చిన మిత్రులకి, ముందు వరసలో కూర్చుని అప్పుడే గడియారం చూపిస్తున్న మా ఆవిడకి నమస్కారాలు. (నవ్వులు)

నేను బడిలో నేర్చుకున్నది తక్కువ. సర్వే శాఖలో గొలుసు పట్టుకునే పనిలో చేరి, పటాలు గీసేవాళ్ళ భుజాలమీంచి తొంగిచూసి గీత నేర్చుకున్నవాణ్ణి. అంచేత నా ప్రసంగం కూడా కాస్త వంకరగానే పోతుంది, ఓర్చుకోండి.

మనలాంటి దేశాల్లో స్మార్ట్ సిటీలు లేవకపోవడానికి కారణం నిధుల్లేకపోవడం, కరెంటు నిలవకపోవడం, జనానికి చదువు లేకపోవడం అని ముఖ్య అతిథిగారు ఇందాక సెలవిచ్చారు. నిజమే. కంట్రోల్ రూములో గోడంత తెర పెట్టారు; కరెంటు పోయినప్పుడు దాన్నే అద్దం చేసుకుని మీరు తల దువ్వుకోవచ్చు, నా బట్టతలకా అవసరం లేదు. (నవ్వులు) కానీ అసలు అడ్డంకి వేరే ఉంది.

ఆసుపత్రి వెనక ఇస్త్రీ సందు మీకందరికీ తెలుసు. ఆసుపత్రి దుప్పట్లన్నీ అక్కడే ఉతికి, వాళ్ళ ఇళ్ళ రేకుల కప్పులమీదా, కప్పుకీ కప్పుకీ మధ్య కట్టిన తీగలమీదా, సందంతా పందిరేసినట్టు ఆరేస్తారు. సరిగ్గా అలాంటి మధ్యాహ్నమే, ఊరి పటం కోసం మన డ్రోను పైన తిరిగింది. కింద తెల్లగా, చదునుగా ఉన్నదంతా ఖాళీ స్థలమని కంప్యూటరు రాసుకుంది. దానిమీద మనం కార్ల పార్కింగు గీశాం. సోమవారం పొద్దున ఇళ్ళు పడగొట్టడానికి పొక్లెయిను వస్తోంది.

ఆ డ్రోను ఎగరేసిన ఇంజనీరమ్మాయి నాతో సందులోకొచ్చింది. వెనక వరసలో తల దించుకోకమ్మా, నీ మంచే చెబుతున్నాను. అక్కడ అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడ తడి దుప్పటి పిండుతూ అడిగింది:

"ఈ గుడ్డలు లేకపోతే మా ఇళ్ళు కనిపించేవా అమ్మాయ్?"

"కనిపించేవండీ."

"అయితే ఇంకోసారి ఎగరెయ్యి తల్లీ. ఆ పూట ఉతుకుడు మానేస్తాం. రోగులు మాసిన పక్కలమీదే పడుకుంటార్లే!"

పిల్ల ఆ సాయంత్రమే పటం సరిదిద్ది పైకి పంపింది. "టెండరు పాత పటంమీద అయిపోయింది, ఇప్పుడు మారిస్తే పని మొదటికొస్తుంది" అని జవాబొచ్చింది. పటాన్ని సందుకి సరిపెట్టడం కష్టమని, సందునే పటానికి సరిపెడుతున్నాం. ఇదండీ అడ్డంకి.

కమిషనర్ గారూ, మీరంటే నాకు గౌరవమే. మీ చొక్కా మడత చూసి అది ఎవరి ఇస్త్రీయో చెప్పగలను. (నవ్వులు) ఆ మనిషి ఇల్లు కూడా మీ తెరమీద ఖాళీయే. (నవ్వులు లేవు)

రిటైరయ్యేవాడికి పడక్కుర్చీ ఇవ్వడం మన ఆఫీసు ఆనవాయితీ. నా ముందువాళ్ళు వరండాలో వేసుకుని కునుకు తీశారు. నేను సోమవారం పొద్దున్నే ఇస్త్రీ సందు మొదట్లో అడ్డంగా వేసుకుంటాను. కొలిచి చూశాను, అది వేస్తే పిల్లి కూడా దూరలేదు. మా ఆవిడ ఫ్లాస్కు నింపిస్తానంది. ఏమోయ్, అన్నావా లేదా? "అన్నాను గానీ, కుర్చీ మోసే మనిషిని చూసుకోండి" అంటోంది. (నవ్వులు, చప్పట్లు)

కావాలంటే ఆ రోజు మళ్ళీ డ్రోను ఎగరేయండి. ఈసారి తెల్ల దుప్పట్ల పక్కన ఒక బట్టతల కనిపిస్తుంది. దాన్ని మాత్రం ఖాళీ స్థలమని రాసుకోకండి.

ఇన్నేళ్ళు నన్ను భరించిన మీకందరికీ ధన్యవాదాలు. ఈ ఉద్యోగం వరకే సెలవు.