గాలిబండను నేనే తెచ్చాను

1964 జనవరి 23, గురువారం, పగలు పదకొండు గంటలకు నర్సక్కపేట మేజిస్ట్రేటు గారి ఎదుట ముద్దాయి చెప్పగా రాసుకున్నది.

నా పేరు గంగుబాయి. నా భర్త మారుతి చనిపోయి పదిహేనేళ్ళయింది. నా వయసు నలభై రెండు ఉంటుంది. పుట్టిల్లు ఆదిలాబాద్ జిల్లా. పద్నాలుగేళ్ళుగా నర్సక్కపేట సర్కారు దవాఖానలో పిల్లల వార్డులో ఆయాగా పనిచేస్తున్నాను. చదువు రాదు. గడియారం చూడటం వచ్చు.

ఇష్టం లేకపోతే ఏమీ చెప్పనక్కర్లేదని, చెప్పింది నా మీదికే రావచ్చని మేజిస్ట్రేటు గారు రెండుసార్లు అన్నారు. విన్నాను. చెబుతాను. పోలీసులు నన్ను కొట్టలేదు, బెదిరించలేదు. బెదిరించినా ఇదే చెప్పేదాన్ని.

మా దవాఖానలో ఆక్సిజన్ సిలిండరు ఒక్కటే ఉంది. మేము దాన్ని గాలిబండ అంటాం. నా గుండెల దాకా ఎత్తు ఉంటుంది. నల్లటి ఒళ్ళు, తెల్లటి మెడ. పోయిన ఏడు వరంగల్ నుంచి వచ్చింది. దమ్ము అందని పిల్లలకు దాని గొట్టం ముక్కు దగ్గర పెడితే ఊపిరి తిరుగుతుంది. నా కళ్ళతో చూశాను, ఒకసారి కాదు.

జనవరి 9, గురువారం పొద్దున పత్తి మిల్లు సేటు దశరథం గారి మనుషులు నలుగురు ఎడ్లబండి తీసుకొని వచ్చారు. పెద్ద డాక్టరు గారు చీటీ రాసిచ్చారు. సేటు గారి తండ్రి రాజయ్య గారికి ఆయాసం, రెండు రోజులు ఇంట్లో ఉంచుకొని పంపుతామన్నారు. గాలిబండను బండి మీదికి ఎక్కించేటప్పుడు ఒక పక్క నేనే పట్టాను. రెండు రోజులన్నారు కాబట్టి పట్టాను.

18వ తేదీ శనివారం. అప్పటికి తొమ్మిది రోజులు. ఉదయం తొమ్మిదికి టాంగా జలాలుద్దీన్ తన బిడ్డ షాజాదీని ఎత్తుకొచ్చాడు. దానికి నాలుగేళ్ళు. పక్కలు ఎగరేస్తోంది. గోళ్ళు నేరేడు పండు రంగుకు తిరిగాయి. చేతికి ఆకుపచ్చ గాజులు, రెండేసి. కాంపౌండరు దేవదాస్ గారు పెన్సిలిన్ సూది వేశారు. గంటన్నర చూసినా తగ్గలేదు. పెద్ద డాక్టరు గారు కరీంనగర్ మీటింగుకు వెళ్ళారు. దేవదాస్ గారు చీటీ రాసి నా చేతికిచ్చి, "గంగుబాయి, జల్ది పో, బండ పంపియ్యమని చెప్పు" అన్నారు.

పదకొండు గంటలకు సేటు గారింటికి వెళ్ళాను. ఆయన గడపలో నిలబడే చీటీ చదివారు.

"మా నాయిన కోసం తెప్పించినం. రేపు ఆయన పానం మీదికొస్తె ఎవలు జవాబు చెప్తరు? పిల్లను పెద్ద దవాఖానకు తీస్కపొమ్మను" అన్నారు.

"సేటూ, గా పిల్ల అంత దూరం పోదు" అన్నాను.

"నువ్వు డాక్టరువా?" అన్నారు.

చీటీ తిరిగిచ్చారు. తీసుకొని వచ్చేశాను. షాజాదీ రెండు గంటల ఇరవై నిమిషాలకు పోయింది. గాజులు నేనే తీసి జలాలుద్దీన్ చేతిలో పెట్టాను. నాలుగు గాజులు. ఒక్కటీ పగలలేదు.

ఇక 21వ తేదీ మంగళవారం సంగతి. కేసు దాని మీదే కాబట్టి సరిగ్గా చెబుతాను.

పదిన్నరకు మగ్గం నేసే కైలాసం, అతని భార్య సత్తమ్మ కొడుకు అంజన్నను తీసుకొచ్చారు. వాడికి ఐదేళ్ళు. పుట్టిన రెండో ఏటి నుంచి ఉబ్బసం. చలికాలం వస్తే మా వార్డులోనే ఉంటాడు. ఈసారి జ్వరం కూడా కలిసింది. పెద్ద డాక్టరు గారు కరీంనగర్ నుంచి ఇంకా రాలేదు. దేవదాస్ గారు రెండు సూదులు వేశారు. దిగలేదు. వాడు మంచం మీద మోకాళ్ళకు చేతులు ఆనించి కూర్చున్నాడు. మెడ కింద గుంట పడుతోంది, లేస్తోంది. పడుకోబెడదామని భుజం పట్టుకున్నాను.

"ఆయా... నన్ను... పండవెట్టకు" అన్నాడు. మూడు మాటలకు మూడు దమ్ములు తీసుకున్నాడు.

కరీంనగర్ బస్సు పదికే వెళ్ళిపోయింది. మళ్ళీ మూడింటికి. అప్పుడు టైము పదకొండు నలభై. సత్తమ్మ నా కొంగు పట్టుకొని, "అక్కా, ఏమన్న జెయ్యే" అంది. దేవదాస్ గారు గోడ వైపు చూస్తున్నారు. మళ్ళీ చీటీ రాయమని నేను అడగలేదు. చీటీ సంగతి నాకు తెలుసు.

బయటికి వచ్చాను. గేటు దగ్గర జలాలుద్దీన్ టాంగా ఉంది. బిడ్డను మట్టి చేసి మూడు రోజులైంది. ఆ రోజే మళ్ళీ బండి కట్టాడు. రంజాన్ నెల, రోజాలో ఉన్నాడు.

"యాడికి ఆయమ్మా?" అన్నాడు.

"సేటింటికి. బండ తేవాలె. లోపల ఒక పోరనికి దమ్మొస్తలేదు" అన్నాను.

ఎవరి పిల్లవాడని అడగలేదు. ఎవరు పంపారని అడగలేదు. టాంగాలో పరుపు తీసి గేటు పక్కన పడేశాడు, బండకు జాగా కావాలని. అతన్ని నేను మోసం చేసి తీసుకుపోయానని సేటు గారి ఫిర్యాదులో ఉందట. అది అబద్ధం. ఎందుకు వెళ్తున్నామో అతనికి బాగా తెలుసు.

సేటు గారింటికి వెళ్ళేసరికి పన్నెండుకు ఐదు నిమిషాలు తక్కువ. సేటు గారు లేరు, జమ్మికుంట పత్తి మార్కెట్టుకు వెళ్ళారని తర్వాత తెలిసింది. తలుపు తీసే ఉంది. రాజయ్య గారు వాకిట్లో ఎండలో కూర్చొని పల్లికాయలు ఒలుచుకొని తింటున్నారు. ఆయనకు డెబ్భై దాటాయి.

గాలిబండ లోపలి అర్రలో మూలకు నిలబెట్టి ఉంది. దానికి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. మెడ మీద ఒక ధోతి, రెండు తువ్వాళ్ళు ఆరేసి ఉన్నాయి. అక్కడ నాకు కోపం వచ్చింది. అంతకు ముందు రాలేదు. బట్టలు తీసి దండెం మీద వేశాను. కింద పడేయలేదు.

సేటు గారి భార్య వచ్చి, "ఆగు, ఆయన రానీ" అంది. రాజయ్య గారు కర్ర పట్టుకొని లేచి వచ్చారు.

"ఏంది బిడ్డా, ఏం తీస్తున్నవ్?" అన్నారు.

"దవాఖాన బండ, తాతా. అయిదేండ్ల పోరడు దమ్మాడక కొట్టుకుంటుండు."

"గిది దవాఖానదా? మావోడు కొనుక్కొచ్చిన అన్నడు."

"దవాఖానదే. ఒక్కటే ఉన్నది. మొన్న గీయిన బిడ్డ గిది లేకనే పోయింది" అని జలాలుద్దీన్‌ను చూపించాను.

ఆయన జలాలుద్దీన్ వైపు చూశారు. కోడలు, "మామయ్యా, మీకు రాత్రి ఆయాసమొస్తే?" అంది.

"వస్తది. వస్తె కూసుంట. దమ్మందకపోతె ఎట్లుంటదో నాకెర్కే. తీస్కపో బిడ్డా, నిలవడకు" అన్నారు. బండ గుమ్మం దాటేటప్పుడు ఆయన కూడా చెయ్యి వేశారు. నేను ఆయన్ను తోసి పడేశానని ఫిర్యాదులో రాశారు. నేను తోయలేదు. ఆయనే చెయ్యి వేశారు.

పన్నెండుంబావుకు వార్డులోకి తెచ్చాం. దేవదాస్ గారు "ఎవలిచ్చిండ్రు?" అన్నారు. "ముందు గొట్టం పెట్టుండ్రి సారూ" అన్నాను. పెట్టారు. నీళ్ళ సీసాలో బుడగలు మొదలయ్యాయి. అంజన్న చాలాసేపు అలాగే కూర్చొని ఉన్నాడు. రెండు గంటలకు తలగడకు ఆనుకున్నాడు. మూడున్నరకు పెదవుల నలుపు పోయింది. ఆకలవుతోందన్నాడు. సత్తమ్మ అప్పుడు ఏడ్చింది.

జలాలుద్దీన్ వెళ్ళిపోలేదు. వార్డు గుమ్మంలోనే నిలబడి సీసాలో బుడగలు చూస్తూ ఉన్నాడు.

"ఆయమ్మా, గింత సప్పుడేనా?" అన్నాడు.

నేను స్టూలు తెచ్చి అతని పక్కన వేశాను.

సాయంత్రం ఐదుకు దశరథం సేటు ఇద్దరు పోలీసు జవాన్లను తీసుకొని వచ్చారు. బండ మళ్ళీ ఇంటికి పోవాలన్నారు. నేను బండకు వీపు ఆనించి నిలబడ్డాను.

"పోరడు దమ్ము తీస్తుండు. గొట్టం ఊడవీకాలె, గంతేగా? నేను వీకను. మీరే వీకుండ్రి సేటూ, మీ చేతులతోటి. నేను చూస్త, గా తల్లి చూస్తది" అన్నాను.

సేటు గారు జవాను వైపు చూశారు. జవాను అంజన్న వైపు చూసి టోపీ సర్దుకున్నాడు. ఎవరూ పీకలేదు. నన్ను, జలాలుద్దీన్‌ను ఠాణాకు తీసుకుపోయారు. రోజా విడిచే పొద్దయింది, మంచినీళ్ళు తాగనివ్వమని నేనే జవానును అడిగాను. తాగనిచ్చాడు. టాంగాను, గుర్రాన్ని జప్తు చేశారు. ఆ గుర్రం ఏ నేరం చేసిందో నాకు తెలియదు.

నిన్న, అంటే 22వ తేదీ, రాజయ్య గారు దగ్గుకుంటూ ఠాణాకు వచ్చారు. "నేనే ఇచ్చిన, రాసుకొండ్రి" అన్నారు. ఎవరూ రాసుకోలేదు. సేటు గారు వచ్చి చెయ్యి పట్టుకొని ఇంటికి తీసుకుపోయారు.

రాజయ్య గారు ఇచ్చారు కాబట్టి దొంగతనం కాదని నువ్వు అంటున్నావా అని మేజిస్ట్రేటు గారు అడిగారు. కాదు. ఆయన పెద్ద మనసుతో ఇచ్చారు, ఆ మాట నిజం. ఇవ్వకపోయినా తెచ్చేదాన్ని. ఆయన వెనక దాక్కోను. దవాఖాన సామాను దవాఖానకు తెచ్చాను. దాన్ని దొంగతనం అంటే అనండి.

చేసినందుకు విచారిస్తున్నావా అని అడిగారు. మంగళవారం చేసినదానికి విచారం లేదు. అంజన్న ఈ రోజు పొద్దున జొన్న గటక తాగాడని దేవదాస్ గారు చెప్పి పంపారు. నాకు విచారం శనివారం గురించి. శనివారం కూడా ఆ తలుపు తీసే ఉంది. ఆ రోజు చీటీ పట్టుకొని ఉత్త చేతులతో తిరిగి వచ్చాను. నా మీద కేసు రాయాల్సింది ఆ రోజుకు. అది ఎవరూ రాయలేదు.

నౌకరీ పోతుందని తెలుసు. మళ్ళీ అలాంటి పిల్లవాడు వస్తే మళ్ళీ వెళ్తాను.

నేను చెప్పింది రాసి నాకు చదివి వినిపించారు. ఒక చోట "తెలియక తెచ్చాను" అని రాసి ఉంది. నేను ఆ మాట అనలేదు. కొట్టివేయమన్నాను. నా ఎదుటే కొట్టివేశారు. ఇప్పుడు ఈ కాగితంలో మిగిలినదంతా నేను చెప్పినదే. అంతా నిజం.

గంగుబాయి ఎడమ బొటనవేలి ముద్ర