పాకం రానేదు

1946 మాఘమాసం. అనకాపల్లి శివార్లలో బెల్లం బట్టీ దగ్గర ఒక బెల్లం వర్తకుడూ, మానసిక వైద్యురాలైన ఆయన కూతురూ మాట్లాడుకుంటున్నారు.

“బర్మా యుద్ధం నుంచి వచ్చేక ఆ సిపాయి జగ్గన్న ఏడాదిగా నోరిప్పలేదు. ఈవేళ ఎలా మాటాడించేవమ్మా?”

“రోజూ ఒకే వేళకి ఆస్పత్రిలో అతని గదికి వెళ్ళి, చూసిందల్లా రాసుకున్నాను నాన్నా. గాలికి బెల్లం వాసనొచ్చిన రోజుల్లోనే అతని వేళ్ళు కదిలేయి.”

“వాసన వల్లేనని ఎలా తెలిసింది?”

“వారం రోజులు ఆ గది కిటికీ మూయించేను, వేళ్ళు కదల్లేదు. తెరిపిస్తే మళ్ళీ కదిలేయి. సైన్యంలో చేరకముందు బెల్లం వండేవాడట.”

“మరి ఇలా చెరుకురసం కాగే పెనం ముందు నిలబెట్టమని ఏ పుస్తకంలో ఉంది?”

“ఎక్కడా లేదు. అది నాకే తోచింది. పాకం రాకుండానే కావాలని పనివాళ్ళని పెనం దింపమన్నాను.”

“‘దింపకండి, ఇంకా పాకం రానేదు!’ అని అరిసేడు!”

“అరవకపోతే అదీ రాసుకుని, మరోటి ఆలోచించేదాన్ని.”

“ఇన్నాళ్ళూ బజార్లో నిన్ను పురుళ్ళ డాక్టరని సెప్పేను తల్లీ. పిచ్చోళ్ళ డాక్టరంటే నవ్వుతారని సిగ్గుపడ్డాను. రేపు నాతో బజారుకి రా. నువ్వు ఏం డాక్టరువో నా నోటితోనే అందరికీ సెప్తాను.”