కమ్మరోళ్ల ఇంట్ల నిప్పు ఆరింది

"తాతా, సిలిండరు నిండుగ ఉన్నది కదా. నాయనమ్మ ఇంకా కట్టెల పొయ్యి ముట్టిచ్చి, మళ్ల నీళ్లు చల్లి ఆ బొగ్గులు ఏరుడెందుకు?"

గదా? గది ఇయ్యాల్టి అలవాటు గాదు రజితా. కూసో, చెప్త. ఆ కుర్సీ జర ఇటు గుంజుకో. ఫోన్‌ల ఎక్కిస్తున్నవా నా మాటలు? ఎక్కించు గాని మీ నాయనమ్మకు ఇనిపియ్యకు, నేను ఏది చెప్పినా గట్ల కాదు అంటది. వాకిట్ల బియ్యం చెరుగుతున్నది గాని, ఆమె చెవులు ఈడ్నే ఉన్నయి.

మనం కమ్మరోళ్లమని నీకు ఎరికే. ఇప్పుడంటే మీ నాయిన మానుకోటల మోటర్లు బాగుజేస్తడు, నువ్వు భూపాలపల్లిల కరెంటు తయారయ్యే కాడ నౌకరి చేస్తున్నవు. నా దాకా మాత్రం ఈ గంగారంల కొలిమే బతుకు. కర్రులు, గొడ్డండ్లు, కొడవండ్లు. కొలిమి మండాల్నంటే బొగ్గు గావాలె, బొగ్గుకు అడివి గావాలె. ఎన్కట అడివి ఎంత దూరమంటవు, మన పెరడు దాటితే అడివే. మా నాయిన సండ్ర మొద్దులు తెచ్చి, గుంత తవ్వి పేర్చి, పైన ఆకులేసి మన్ను కప్పి నిప్పు పెడుతుండె. మంట లేవద్దు, లోలోపల మగ్గాలె. తెల్ల పొగ వచ్చినన్ని దినాలు కావలి ఉండుడు. పొగ పలుచబడి నీలంగ తిరిగినంక మూసేసుడు. ఆ బొగ్గు ఒకదానికొకటి తాకితే గల్లుమంటుండె.

ఇగ మా అవ్వ, అంటే మీ నాయనమ్మకు అత్త, ఆమెకు కట్టెల కాడ మస్తు నకరాలు. మోదుగ కట్టె ఇంట్లకు రానియ్యకపోయేది, పొగ తప్ప ఏముండదని. తునికి కట్టె తెస్తే, రవ్వలు లేచి చీరె కాలుతదని తిట్టేది. ఉన్నది గనుక నకరాలు, లేకుంటే ఏడికెల్లి వస్తయి? గోడ ఎత్తున కట్టె పేర్చి ఉండేది వాకిట్ల. ఒక దుంగను తెచ్చి మొదలు పొయ్యిల పెట్టిందంటే, కాలినకొద్ది లోపలికి నూకుడే, ఆర్పేది లేదు. రాత్రి బూడిద కప్పుతది, తెల్లారి కదిలిస్తది, ఎర్రగ లేస్తది. వాడకట్టోళ్లంత పిడక ముక్కలు పట్టుకొని మా ఇంటికి వచ్చి నిప్పు తీస్కపోయేటోళ్లు. కమ్మరింట్ల నిప్పు ఆరదని అందరికీ ధీమా. మా అవ్వకు అదే గొప్ప. ఒంటి మీద ఎండి లేకున్నా, అడిగినోళ్లకు నిప్పు ఇచ్చే ఇంటిదాన్నని ఆమె నడకనే వేరే ఉండేది.

అసొంటి ఇంటికి వచ్చింది మీ నాయనమ్మ, రఘునాథపల్లి దిక్కెల్లి. వాళ్లూ కమ్మరోళ్లే. మా మామది గూడ కొలిమే. గాని ఆడ చెట్టేది బిడ్డా? చెల్కలు, బండలు, తాటిచెట్లు. మా మామ చెప్తుండె, వాళ్ల తాత నాడు ఆడ గూడ అడివి ఉండెనట. రైలు పట్టాల కింద మొద్దులకు కొంత, ఇంజన్ల పొయ్యిలకు కొంత, పట్నం పొయ్యిలకు కొంత, పోయిందట. నిజమో అబద్ధమో నాకు తెల్వదు, ఆయన చెప్పిండు. ఇగ వంటకు ఏముంటది? కంది కట్టె, పిడకలు, తాటి కమ్మలు. బొగ్గు అయితే బండ్ల మీద వచ్చేది కొనాలె. అందుకే వాళ్లింట్ల పొద్దూకంగనే ఆడపిల్లల పని ఏందంటే, కొలిమిల, పొయ్యిల జర్రన్ని నీళ్లు చల్లి, సగం కాలిన బొగ్గు ఏరి, చాటల పోసి ఆరబెట్టుడు. చిన్నప్పటికెల్లి చేసిన పని. చెయ్యి దానంతటదే పోతది.

పెండ్లయి వచ్చినంక మంచి పని జేస్తున్న అనుకొని, అత్త మెచ్చుకుంటదని, ఓనాడు పొద్దూకి మీ నాయనమ్మ ఏం జేసింది? పొయ్యిల నీళ్లు చల్లింది. కొలిమిల గూడ చల్లింది. బొగ్గులు ఏరి చాటల పోసి, ముద్దుగ గోడకు పెట్టింది. మేము సూడలే. తెల్లారి వాడకట్టోళ్లు నిప్పుకొచ్చిండ్రు. మా అవ్వ బూడిద కదిలిచ్చింది. సల్లగున్నది. ఇగ సూడు ఆమె మొఖం. అగ్గిపెట్టె లేదా అంటవు, ఉండె. గాని అప్పుడు ముసురు, పుల్ల గీస్తే మందు రాలుడే. వచ్చినోళ్లల్ల ఒక ముసలామె, కొత్త కోడలు రాంగనే నిప్పు సచ్చింది, ఇది మంచిది గాదు అన్నది. మా అవ్వ పిడక పట్టుకొని పక్క గూడేనికి పోయి, వానల కొంగు కప్పి నిప్పు తెచ్చింది. ఊరందరికి నిప్పు ఇచ్చినామె, ఇంకో ఇంటి ముంగట నిలబడి నిప్పడిగి తెచ్చుడు.

సరే, తెల్వక చేసిందని ఊకున్నది. మళ్ల జెయ్యకు అన్నది. నాలుగొద్దులకు మళ్ల గట్లనే అయింది. చెప్పిన గదా, చెయ్యి దానంతటదే పోయింది. నీళ్లు చల్లినంక యాదికొచ్చి ఆడ్నే కూలబడి ఏడ్చింది. ఇగ మా అవ్వ, "దీన్ని వాళ్ల నాయిన కాడ దించొస్త, బట్టలు మూట గట్టమను" అన్నది. మా నాయిన చెప్పి సూసిండు, ఇనలే. నేనేం మాట్లాడ్త? అవ్వ ముంగట మాట్లాడే ధైర్యం ఏడుండె నాకు. గాని నాకు ఈమె కావాలె. వచ్చి పట్టుమని నెల గాకున్నా కావాలె. గదే నా పరేషాన్.

ఏ, నవ్వకు. మీరు ఇప్పుడు ఫోన్‌ల చెప్పుకుంటరు, మేము ఎవ్వనికి చెప్పుకోవాలె?

ఏడిదాక వచ్చిన? ఆ, మా అవ్వ, ఈమె, నేను, ముగ్గురం బయలెల్లినం. గూడూరు దాకా నడుసుడు, ఆడికెల్లి బస్సు, మానుకోటల రైలు. రైలంటే అప్పుడు రాకాసి బొగ్గు తోని నడిచేది, నువ్వు కరెంటుకు కాలుస్తరన్నవు సూడు, ఆ బొగ్గే. మొన్న నువ్వే అంటివి గదా, అది గూడ ఎన్నటిదో అడివేనని, భూమి కిందికి పోయి బొగ్గయిందని. నాకు ఆ మాట మస్తు నచ్చింది. నేను సండ్ర కాలుస్తి, నువ్వు దాని ముత్తాతను కాలుస్తున్నవు. ఇగ మన అడివి, నడిమిట్ల బాగ దూరం జరిగింది. కట్టెల మోపులు, బొగ్గు, ఇండ్ల దూలాలు, పోడు, ఎవ్వల చెయ్యి వాళ్లు ఏసినం. జంగ్లాతోళ్లు, అదే ఫారెస్టోళ్లు, బొగ్గుల బట్టీలు బంద్ పెట్టిచ్చిండ్రు. ఒక మోపుకు పొద్దంత నడిచిన దినాలు గూడ సూసినం. ఇప్పుడు అందరికీ గ్యాసు వచ్చినంక పెరటి ఎన్క మళ్ల పొదలు లేస్తున్నయి. సండ్ర మొలకలు గూడ ఉన్నయి, పొద్దుగాల నేను పోయి సూసుకొస్త. సంబురమయితది.

సరే, రఘునాథపల్లి చేరినం. రైల్ల మీ నాయనమ్మ మూట ఒళ్లె పెట్టుకొని కిటికీల కెల్లి సూసుకుంట కూసున్నది. ఇంటి ముంగటికి పోంగనే మా అత్త, అంటే మీ నాయనమ్మ తల్లి, బిడ్డను సూసింది, మూటను సూసింది, మా అవ్వ మొఖం సూసింది. అర్థమయిపోయింది. అయినా ఏమైందని అడగలే. కాళ్లకు నీళ్లిచ్చి, "వదినె వచ్చింది, కోడి కొయ్యిండ్రి" అన్నది.

కోడి దొరికింది. కట్టె దొరకలే. వానకాలం గదా, కంది కట్టె అయిపోయింది, పిడకలు తడికి పదునెక్కినయి. మా అత్త వాడకట్టుల తిరిగింది. ఒకామె ఇంత తాటికమ్మ ఇచ్చింది, ఒకామె జొన్న కొయ్యలు ఇచ్చింది. ఊదుడు, పొగ, మళ్ల ఊదుడు. ఎసరు మరుగుతలేదు. మా అవ్వ అరుగు మీద కూసొని సూస్తనే ఉన్నది. మా మామ లోపలికి పోయిండు. గొడ్డలి చప్పుడు ఇనొచ్చింది. కొద్దిసేపటికి మంచం కోళ్లు, పట్టెలు పట్టుకొని బయటికొచ్చి, "పాతది లే, పడి ఉన్నది" అనుకుంట పొయ్యి కాడ ఏసిండు. పాతది గాదు బిడ్డా. నులక కొత్తగ అల్లి ఉన్నది, తీసి గోడకు పెట్టింది నేను సూసిన. రోజు ఆయన పండుకునే మంచం అది.

మంచం కట్టె మంచిగ మండింది. అన్నం అయింది, కూర అయింది. మా అవ్వ తలకాయ ఎత్తకుంట తిన్నది. తిని చెయ్యి కడుగుతుంటే, మా అత్త చెంబు తీసుకొని పొయ్యిల మెల్లగ నీళ్లు చల్లింది. సుయ్యిమన్నది. ఆ మంచం కోడు బొగ్గులు ఒక్కొక్కటి ఏరి చాటల పోస్తున్నది. పక్కకు మీ నాయనమ్మ గూడ కూసొని, ఎవరు చెప్పకుంటనే ఏరుడు మొదలువెట్టింది. తల్లి చెయ్యి, బిడ్డ చెయ్యి ఒక్కతీరుగ పోతున్నయి. మా అవ్వ చేతుల నీళ్లు కారుతున్నయి, తుడుసుకుంటలేదు, గదే సూస్తున్నది.

అప్పుడు మా మామ వచ్చి ముంగట నిలబడ్డడు. కండువా తీసి చేతుల పట్టుకున్నడు. "వదినె, పిల్ల ఏమన్న తప్పు జేసిందా?" అని అడిగిండు. ఇగ అయిపోయింది అనుకున్న.

మా అవ్వ కొంగుతోని చెయ్యి తుడుసుకున్నది. "తప్పెందుకు జేస్తది అన్నా? మీ మీద మనాది వెట్టుకొని అన్నం ముడుతలేదు. ఒక్కసారి సూపెట్టి తోల్కపోదామని తెచ్చిన. పొద్దూకి రైలుకు పోతం" అన్నది.

మీ నాయనమ్మ తలకాయ ఎత్తి సూసింది. మా అత్త చాట కింద పెట్టి, కొంగు నోట్ల గుక్కుకొని ఏడ్చింది. తిరిగిపోయేటప్పుడు రైలు కాడ మంది మస్తున్నరు. మా అవ్వ నన్ను ఇడిసిపెట్టి, కోడలి జబ్బ పట్టుకొని ఎక్కిచ్చింది.

ఆ... పిలుస్తున్నది, ఇన్నది మొత్తం. వస్తున్ననే, పిల్లతోని మాట్లాడొద్దా? పో బిడ్డా, నువ్వు గూడ తిను. సల్లగుండు. పెండ్లి జేసుకొని పోతె, యాళ్లకు గంత మంచి అబద్ధమాడే అత్త దొరకాలె నీకు.